అమానుల్లా కుళ్ళు, సిలాస్ గాలం

అమానుల్లా కుళ్ళుబోతు. ఈ మాట అతని వెనకాల ఎవరూ అనుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఎదురుగా నిలబడి, చెయ్యి కలిపి, ఇంట్లోవాళ్ళ క్షేమం అడిగి, ఆ వెంటనే అతనే చెప్పేస్తాడు.

"నీ చొక్కా బాగుండాది అబ్బయ్యా. నాకు కుళ్ళుగా ఉండాది. చెప్పేసినా. ఇంక దిష్టి తగలదు, పో."

ఇది అతని సిద్ధాంతం. కుళ్ళు కడుపులో ఉంచుకుంటే దిష్టిగా మారుతుందని, నోటివెంట బయటికి వచ్చేస్తే గాలికి పోతుందని అతని గట్టి నమ్మకం. లోకంలో కుళ్ళు లేని మనిషి లేడట. ఒప్పుకునే మనిషి మాత్రం ఒక్కడే ఉన్నాడట. ఆ ఒక్కడూ ప్రొద్దుటూరు నుంచి వచ్చి దుబాయ్ సత్వాలో దర్జీ దుకాణం పెట్టుకున్నాడట. వివరాలు కావలసినవాళ్ళు బోర్డు చూసుకోవచ్చట.

అతను ఎవరెవర్ని చూసి కుళ్ళుకునేవాడో చెప్పడం మొదలుపెడితే తెల్లారిపోతుంది. పెళ్ళికొడుకు సూటు కొలతకి వస్తే నడుము చుట్టూ టేపు పెట్టి, "ఈ నడుము నాకుంటే నేను సూటు లేకుండానే తిరుగుదును" అనేవాడు. మెట్రోలో నిలబడే నిద్రపోతున్న మనిషిని చూసి కుళ్ళుకునేవాడు. దుకాణం మెట్ల మీద పడుకునే పిల్లిని చూసి, "దీనికి వీసా అక్కర్లేదు, అద్దె అక్కర్లేదు" అని దాని ముందే అనేవాడు. ఆ దేశంలో వారాంతపు సెలవు శుక్ర, శనివారాల నుంచి శని, ఆదివారాలకు మారిన కొత్తలో అయితే ఏకంగా ఆదివారాన్నే చూసి కుళ్ళుకున్నాడు. "నిన్నమొన్నటిదాకా దాన్ని అడిగే దిక్కు లేదు. ఇప్పుడు చూడు దాని వైభోగం" అన్నాడు.

సిలాస్‌కి ఒకసారి జ్వరం వచ్చింది. సిలాస్‌ది నరసాపురం. జెబెల్ అలీ ఫ్రీజోన్‌లో ఒక గిడ్డంగిలో పని. భార్య సోనీ ఆసుపత్రిలో నర్సు. ఇద్దరూ అమానుల్లా దుకాణం వెనక సందులో ఓ పాత విల్లాలో ఒక గదిలో ఉండేవారు. జ్వరంతో దుప్పటి కప్పుకుని పడుకున్న సిలాస్‌ని చూడడానికి కమలాపళ్ళు పట్టుకుని వచ్చిన అమానుల్లా, మంచం పక్కన కూర్చుని గాఢంగా నిట్టూర్చాడు.

"నిన్ను చూస్తే కడుపు మండతాంది తమ్ముడా."

"జ్వరానికి కూడానా అమాన్ భాయ్?"

"జ్వరానికి కాదప్పా. సెలవుకి. నాకు జ్వరం వస్తే సెలవు ఇచ్చేదానికి నీ మేనేజరు మాదిరి ముదీర్ ఎవడుండాడు? నేనే ముదీర్. నా ముదీర్ శానా చెడ్డోడు."

ఇంతవరకూ ఫరవాలేదు. అందరూ నవ్వుకునేవారు. నవ్వు రానిది ఆ తరువాతి భాగం. అమానుల్లా కుళ్ళు మాటలతో ఆగేది కాదు. మార్పిడి దాకా వెళ్ళేది.

దీనికి మూలం అతని మొదటి కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని. కొత్తగా వచ్చినప్పుడు ఆ పెద్దాయన ఇంట్లో కావా అనే అరబ్బు కాఫీ పోసే ఇత్తడి కూజాని చూసి, అమానుల్లా నోరూరుకోక "భలే ఉంది" అన్నాడు. ఆ పెద్దాయన మారుమాట లేకుండా కూజా తీసి చేతిలో పెట్టేశాడు. అక్కడి పాతకాలపు మర్యాద అది. అతిథి మెచ్చిన వస్తువు ఇంట్లో ఉంచుకోకూడదు. అమానుల్లా సిగ్గుతో చచ్చిపోయి, రాత్రంతా కూర్చుని ఆయనకో కందూరా, అక్కడి మగవాళ్ళ పొడుగు అంగీ, కుట్టి ఇచ్చాడు. అప్పటినుంచి అతనిదొక సొంత చట్టం. తను మెచ్చిన వస్తువు అవతలివాడు ఇచ్చెయ్యాలి. దానికి బదులుగా తనది అవతలివాడు పుచ్చుకోవాలి. ఖలాస్. వాదన లేదు.

చిత్తూరు నుంచి వచ్చిన మణి అనే వ్యాను డ్రైవరు కొత్త బూట్లు కొన్నాడు. అమానుల్లా కంట పడకూడదని వాటిని సంచిలో పెట్టుకుని, రబ్బరు చెప్పులతో దుకాణం దాటి, మలుపు తిరిగాక తొడుక్కునేవాడు. అలా దొంగతనంగా సొంత బూట్లు తొడుక్కుంటూ ఒకనాడు దొరికిపోయాడు. అమానుల్లా ఆ బూట్లని తిప్పి తిప్పి చూసి, అడుగు నొక్కి చూసి, "మణీ, వీటిని చూసినాక నాకు అన్నం సయించదు" అని తన తోలు చెప్పులు విడిచి ఇచ్చి, బూట్లు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. బ్యాచిలర్లకు వంట చేసిపెట్టే నెల్లూరు సర్దార్ బీ కొత్తగా కొన్న నల్లటి నాన్‌స్టిక్ దబరకీ అదే గతి పట్టింది. దాని బదులు ఆమెకు అమానుల్లా వాడే మందపాటి సత్తు దబర వచ్చింది.

"ముసిలిదాని దబర మీద గూడా కన్నేసినాడు సూడు" అని సర్దార్ బీ నెలరోజులు తిట్టింది. తిడుతూనే ఆ సత్తు దబరలో బిర్యానీ వండింది.

దాంతో సత్వాలో తెలుగువాళ్ళు ఏదైనా కొంటే ముందు అమానుల్లాకి కనపడకుండా దాచేవారు.

సిలాస్‌కి కూడా కుళ్ళుండేది. తేడా అల్లా, అతను చెప్పేవాడు కాదు. అతని కుళ్ళంతా ఒక్క మనిషి మీదే. ఆ మనిషి సోనీ అన్నగారు జ్ఞానరాజు.

జ్ఞానరాజు షార్జాలో ఉండేవాడు. కారుంది, చక్కటి ఉద్యోగముంది, అన్నిటికీ మించి ఒక గాలం ఉంది. వారం విడిచి వారం శనివారం మధ్యాహ్నం ఐసు పెట్టెతో దిగేవాడు. పెట్టె మూత తీస్తే లోపల ఇంతేసి షేరీ చేపలు. "అన్నయ్య పట్టిన చేప రుచే వేరండీ" అనేది సోనీ. సిలాస్ తలూపి తినేవాడు. ఒక్కో ముల్లూ గొంతులో గుచ్చుకునేది. దుబాయ్‌లో ఆ గదిలో ఉన్న మంచం, ఫ్రిజ్, ఆఖరికి సిలాస్ వేసుకునే చొక్కాలు కూడా సోనీ ఎంచి కొన్నవే. సిలాస్ తనంతట తను ఎంచుకున్నది ఒక్కటీ లేదు. ఆ సంగతి సోనీకి ఎన్నడూ తట్టలేదు గాని సిలాస్‌కి ముద్ద ముద్దకీ తట్టేది.

ఒక శనివారం జ్ఞానరాజు ముల్లు తీసుకుంటూ అన్నాడు.

"గోదావరొడ్డున పుట్టావు కదా బావా, ఒక్కనాడైనా గాలం పట్టావా?"

సిలాస్ వాళ్ళ ఇంట్లో మూడు తరాలుగా అందరూ బడిపంతుళ్ళు. చేపను సంతలో తప్ప చూసినవాళ్ళు కారు. కానీ సోనీ నవ్వింది. ఆ నవ్వులో తప్పేమీ లేదు. అయినా సిలాస్‌కి చెవులు వేడెక్కాయి.

"నాకూ ఉందండి గాలం. మమ్జార్ బీచి రాళ్ళగట్టు మీద చేపలు పడుతుంటాను."

"అవునా? చెప్పవేం బావా. అయితే వచ్చే శనివారం పొద్దున్నే అక్కడికే వస్తాను. చూద్దాం నీ గాలం."

మమ్జార్ గట్టు మీదికి సిలాస్ వెళ్ళిన మాట నిజమే. అమానుల్లా వెనకాల ఎర డబ్బా పట్టుకుని వెళ్ళేవాడు. అమానుల్లా శనివారం దుకాణం తీసేముందు పొద్దుటే అక్కడ కాసేపు గాలం వేసేవాడు. అందరూ మెచ్చుకునే గాలం అతనిది. పొడుగ్గా, సన్నగా, తేలిగ్గా ఉండేది. అంతకన్నా మంచి గాలం తన దగ్గరే ఉన్నా, పక్కవాడి గాలం చూసి కుళ్ళుకోవడం మాత్రం మానేవాడు కాదు.

సిలాస్ ఆ వారం మాటల్లో మాటగా కదిపి చూశాడు.

"అమాన్ భాయ్, గాలం కొనాలంటే ఏం చూసుకోవాలండి?"

అమానుల్లా కుట్టుమిషన్ ఆపాడు. "ఒంటిగా పోవద్దు తమ్ముడా. నన్ను పిలువు. గుడ్డని చూసి సూది ఎన్నుకుంటాం గదా, అట్లనే చేపని చూసి గాలం. డేరా బజారులో అంగళ్ళు ఉండాయి. నేనొస్తా."

సిలాస్ మనసులో లెక్క వేసుకున్నాడు. ఇతన్ని వెంట తీసుకెళ్తే, అంగడి గుమ్మం దాటకముందే తన గాలం అతని చేతిలోనూ, అతని పాతది తన చేతిలోనూ ఉంటాయి. "ఊరికే అడిగానండి" అని జారుకుని, మర్నాడు ఒంటరిగా మెట్రో ఎక్కి డేరా వెళ్ళాడు.

అంగట్లో గోడ నిండా గాలాలే. అమ్మే మనిషి మర్యాదస్తుడు.

"ఏ చేపకి సార్?"

చేపల పేర్లు చెబితే తన అజ్ఞానం బయటపడుతుందని సిలాస్ భయం. "అన్నిటికీ" అన్నాడు.

"గట్టు మీదనుంచి వేస్తారా, పడవలోంచా?"

"రెండూ."

ఆ మనిషి అనుమానంగా చూసి, పొడవాటి సన్నటి గాలం ఒకటి తీసిచ్చాడు. సిలాస్ దాని కొసని వేలితో తాకాడు. వినయంగా వంగిపోయింది. సిలాస్‌కి నచ్చలేదు. ఇంట్లో తను వంగింది చాలదా, గాలం కూడానా?

"ఇదేంటండీ, ఊరికే వంగిపోతోంది?"

"కొస వంగాలి సార్. వంగితే ఎర దూరం పోతుంది. చేప లాగినప్పుడు తీగ తెగదు."

తన బలహీనత కనిపెట్టి నాసిరకం అంటగడుతున్నాడని సిలాస్‌కి అర్థమైపోయింది. కళ్ళు గోడంతా వెతికాయి. మూలన ఒకటి నిలబడి ఉంది. నల్లగా, పొట్టిగా, లావుగా, రింగుల్లో చిన్న చిన్న చక్రాలతో ఉంది. సిలాస్ దాన్ని తీసి మోకాలికి ఆనించి వంచబోయాడు. వంగలేదు. బరువంతా మోపాడు. మోకాలు నొప్పెట్టింది గాని అది వంగలేదు.

"ఇది కావాలి."

అమ్మే మనిషి గొంతు తగ్గించి అడిగాడు. "మీకు పడవ ఉందా సార్?"

"ఉంది" అన్నాడు సిలాస్. ఉత్త గాలంతో మొదలైన అబద్ధానికి ఇప్పుడొక పడవ కూడా తోడైంది.

దాన్ని దుప్పట్లో చుట్టి ఇంటికి తెచ్చి, సోనీ డ్యూటీలో ఉండగా మంచం కింద దాచాడు. పైన పడుకుంటే వెన్నులో ఏదో ధైర్యంగా ఉండేది. తను ఎంచుకున్న వస్తువు తన కింద ఉంది.

శనివారం ఇంకా చీకటి విడవకముందే దుప్పటి మూటతో మమ్జార్‌లో దిగాడు. అమానుల్లా ఒక కొసన ఉంటాడని తెలిసి రెండో కొసకి నడిచాడు. రాళ్ళ మధ్య కూర్చుని మూట విప్పుతుండగా వెనకనుంచి దగ్గు వినిపించింది.

"ఏం తమ్ముడా, దుప్పట్లో ఎవర్ని ఎత్తుకొచ్చినావు?"

ఇక దాచడానికి లేదు. సిలాస్ మూట విప్పి గాలం పైకెత్తాడు. అమానుల్లా దగ్గరికి వచ్చి లావు చూశాడు, చక్రాలు చూశాడు, పిడి మీద అచ్చేసిన అంకెలు చూశాడు. కుళ్ళు అనే మాట రావలసిన చోట చాలాసేపు ఏదీ రాలేదు.

"ఎవరికైనా చూపించినావా దీన్ని?"

"లేదండి."

"మీ సోనమ్మకి?"

"ఇంకా లేదు. మా బావగారు వస్తున్నారు. దారిలో ఉన్నారు. ఆయనకే మొదట చూపిద్దామని."

అంతే. అమానుల్లా రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని రాయి మీద కూలబడ్డాడు.

"సచ్చినా తమ్ముడా. కడుపు మండిపోతాంది. ఇట్లాంటి దానికోసం నేను ఎన్నేళ్ళుగా తిరగతాండానో తెల్సునా? ఎట్ల దొరికినాదప్పా నీకు? నా బతుకంతా ఈ సన్న పుల్లతోనే అయిపోయినాది. ఇటియ్యి. నాది నువ్వు తీసుకో."

"కుదరదు అమాన్ భాయ్."

కుదరదంటున్నాడే గాని సిలాస్‌కి ఒళ్ళంతా హాయిగా ఉంది. పుట్టిన ఇన్నేళ్ళకి మొదటిసారి ఒక మనిషి తన వస్తువుని చూసి కుళ్ళుకుంటున్నాడు. జ్ఞానరాజు ప్రతి రెండు వారాలకీ ఈ సుఖమా అనుభవిస్తున్నది అనుకున్నాడు. ఇంకాసేపు బతిమాలితే బాగుండునని కూడా అనుకున్నాడు.

అమానుల్లా ఆ లోటు రానివ్వలేదు. తన గాలంతో పాటు రీలు ఇస్తానన్నాడు. ఎర డబ్బా ఇస్తానన్నాడు. మడత కుర్చీ కూడా కలిపాడు. "ఇయ్యకపోతే దిష్టి తగులుతాది, చెప్తాండా. ఇది చెప్పేస్తే పోయే కుళ్ళు కాదు" అని బెదిరించాడు. సిలాస్ ససేమిరా అన్నాడు. అంతలో పార్కింగులో కారు ఆగింది. గాలం, ఐసు పెట్టె పట్టుకుని జ్ఞానరాజు దిగడం ఇద్దరికీ కనిపించింది.

"యల్లా తమ్ముడా, ఇయ్యి. లేకపోతే ఇక్కడే ఏడస్తా. మీ బావ ముందర ముసిలోడు ఏడస్తాంటే నీకేం మర్యాద?"

ఏడ్చేటట్టే ఉన్నాడు. సిలాస్ ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ క్షణంలో నల్ల గాలం అమానుల్లా చేతికి, సన్న గాలం సిలాస్ చేతికి మారిపోయాయి.

జ్ఞానరాజు వస్తూనే అమానుల్లా చేతిలోని వస్తువు చూసి ఆగిపోయాడు. నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నించి, కుదరక, ఐసు పెట్టె కింద పెట్టి దాని మీద కూర్చుని మరీ నవ్వాడు.

"ఏమనుకోకండి భాయ్. ఇది లోతు సముద్రంలో పడవ వెనక కట్టి లాగేదండి. మనిషంత చేపలకి. దీంతో ఇక్కడ ఎర విసిరితే మీ కాళ్ళ మీదే పడుద్ది. ఎవరమ్మారండి మీకు ఈ రోకలి?"

సిలాస్ సన్న గాలాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. ఆ ప్రశ్న తనకి రావలసింది.

"ఎవరో అమ్మలేదన్నా" అన్నాడు అమానుల్లా. "నా కుళ్ళే నాకు అమ్మినాది. కనపడితే ఊరుకోలేను. నా బుద్ధి అట్లాంటిది."

అని లేచి, నడుం వంచి, బలమంతా పెట్టి విసిరాడు. ఎర వచ్చి సరిగ్గా అతని కాళ్ళ మధ్య పడింది. మళ్ళీ విసిరాడు. ఈసారి వెనక పడింది. గట్టు మీద ఉన్న నానాదేశాలవాళ్ళూ గాలాలు వదిలి చూడడం మొదలుపెట్టారు. జ్ఞానరాజు కళ్ళు తుడుచుకుంటూ సిలాస్ వైపు తిరిగాడు. అతని చేతిలోని గాలం అందుకున్నాడు. కొస వంచి చూసి, బరువు చూసి, నవ్వు మానేశాడు.

"ఇది చాలా మంచి గాలం బావా. ఎవరు ఎంచారు?"

సిలాస్ నోరు తెరిచాడు.

"ఆయప్పే" అన్నాడు అమానుల్లా, కాళ్ళకి చుట్టుకున్న తీగ విప్పుకుంటూ. "గోదావరోళ్ళకి చెప్పల్లనా? దాన్ని చూసి చూసే నేను ఇట్లయిపోయినా."

ఆ పొద్దున సిలాస్‌కి ఒక మంచి షేరీ పడింది. జ్ఞానరాజుకి ఏదీ పడలేదు. ఇన్నాళ్ళూ తన ముఖంలో దాచుకున్న రంగుని సిలాస్ ఆ రోజు బావగారి ముఖంలో చూశాడు. ఇంట్లో సోనీ చేప తోక పట్టుకుని ఎత్తి చూసి, "గాలం కూడా మీరే ఎంచుకున్నారంటగా, అన్నయ్య ఒకటే పొగుడుతున్నాడు" అంది. సిలాస్ ఔనన్నాడు. అయితే ఆ చేపలో మాత్రం ఎందుకో ముళ్ళు మరీ ఎక్కువగా తగిలాయి. అమానుల్లా గుర్తొచ్చాడు. పాపం, కుళ్ళు మనిషిని ఎంత గుడ్డివాణ్ణి చేస్తుందో అని జాలిపడ్డాడు. తనవంటి మంచివాళ్ళు మాత్రమే పడగల జాలి అది.

కొన్నాళ్ళకి సిలాస్ ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి దుకాణానికి వెళ్ళాడు. అమానుల్లా టోపీ పెట్టుకుని బయల్దేరుతున్నాడు.

"నమాజుకి పోయొస్తా. అంగడి చూస్తాండు తమ్ముడా. ప్యాంటు వేసుకుని కొలత గుర్తు పెట్టుకో. లోపల పరదా ఉండాది."

సిలాస్ లోపలికి వెళ్ళి పరదా పక్కకి లాగాడు. పరదా జరజరా భలే జారింది. ఇంత చక్కగా జారుతోందేమిటని తలెత్తి చూస్తే, పరదా తన నల్ల గాలానికి వేలాడుతోంది. ఉంగరాలన్నీ చక్రాల మీదుగా పోతున్నాయి.

ముందు కోపం వచ్చింది. అంత ఏడ్చి తీసుకున్నది దీనికా? తరువాత కళ్ళు కిందికి దిగాయి. పరదా వెనక మెట్టు మీద మణి బూట్లున్నాయి. ఒకదాని అడుగు నోరు తెరిచింది, రెండోదాని మడమ ఊడి పక్కన పడి ఉంది. అయినా అడుగులు అరగనే లేదు. వాటి పక్కన సర్దార్ బీ నాన్‌స్టిక్ దబర ఉంది. పూత పెచ్చులుగా లేచి అట్టడుగు కనిపిస్తోంది. ఇంకా పక్కన ఒకే చక్రమున్న సూట్‌కేసు, ఊచలు విరిగిన గొడుగు, ఎవరిదో గోడగడియారం. సత్వాలో ఎవరెవరు ఏయే అంగట్లో ఎప్పుడెప్పుడు మోసపోయారో అంతా అక్కడ వరసగా ఉంది. వాటిలో అమానుల్లా వాడుకున్నది ఒక్కటీ లేదు. వాటి బదులు అతను ఇచ్చినవన్నీ జనం ఇప్పటికీ వాడుతున్నారు.

ఇన్నేళ్ళు గాలం వేసినవాడికి రోకలికీ గాలానికీ తేడా తెలియదా? సిలాస్ ప్యాంటు చేత్తో పట్టుకుని అలాగే స్టూలు మీద కూర్చుండిపోయాడు. తను ఒకరిని చూసి జాలిపడిన సంగతి గుర్తొచ్చి, చెవులు మళ్ళీ వేడెక్కాయి.

అమానుల్లా తిరిగొచ్చేసరికి పరదా తెరిచే ఉంది. అతను బూట్ల వైపు, సిలాస్ వైపు చూసి, టోపీ తీసి మిషన్ మీద పెట్టాడు.

"చూసినావా? నా కుళ్ళంతా ఆడ దాచిపెట్టినా."

"ఇవన్నీ పారేయొచ్చు కదండీ."

"పారేస్తే చెత్తడబ్బాలో వాళ్ళే చూస్తారు గదప్పా. మణి రోజూ ఆ దారినే పోతాడు." దారం సూదిలోకి ఎక్కించాడు. "ఊరు గాని ఊర్లో ఒక మనిషి ఆశపడి ఒక వస్తువు కొనుక్కుంటాడు. అది చెడిందని నలుగురు నవ్వితే, మళ్ళీ ఏదైనా ఎన్నుకునేదానికి వాడికి చెయ్యి రాదు. కుళ్ళుబోతు ఎత్తుకుపోయినాడంటే వాడికి కోపం వస్తాది. కోపం మంచిదే, అన్నం తినిపిస్తాది."

సిలాస్ లేచాడు. ఇంటికి వెళ్ళి సన్న గాలం తీసుకుని వచ్చి పరదా ముందు నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచి ఎన్నడూ పైకి అనని మాట అనేశాడు.

"అమాన్ భాయ్, ఈ పరదా కర్ర చూస్తే నాకు కుళ్ళుగా ఉందండి."

అమానుల్లా సూది ఆగిపోయింది.

"చెప్పేశాను" అన్నాడు సిలాస్. "ఇది మీరు పుచ్చుకోండి. అది నాకు ఇచ్చెయ్యండి. ఖలాస్."

"వద్దు తమ్ముడా. మీ బావకి తెలిసిపోతాది."

"చట్టం మీదేనండి. మెచ్చిన వస్తువు ఇచ్చెయ్యాలి. వాదన లేదు."

అమానుల్లా సూదిని మిషన్ పక్కన పెట్టి లేచాడు. ఎవరి వస్తువుకైనా కుళ్ళుకున్న ఆ మనిషి వస్తువుని చూసి కుళ్ళుకున్నవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. అతను మెల్లగా స్టూలెక్కి, ఉంగరాలు ఒక్కొక్కటే తప్పించి, నల్ల గాలం దించి ఇచ్చాడు. తన గాలం అందుకుని కొస వంచి చూసుకున్నాడు.

"ఒక మాట అడగనా భాయ్? నిజంగా మీకు దేనిమీదైనా కుళ్ళుందా?"

అమానుల్లా గాలాన్ని గోడకి ఆనించాడు. చాలా చిన్న గొంతుతో బదులిచ్చాడు. "నువ్వు పోయేసరికి నీ ఇంట్లో నీకోసం అన్నం పెట్టుకుని ఒక మనిషి చూస్తాంటాది గదా. దానికి ఉండాది. ఊర్లో ఉండే మా ఇంటామె మహబూబున్నీసా ఫోన్లోనే వడ్డిస్తాది." చెప్పేసినా అని మాత్రం అనలేదు.

ఆ రాత్రి సిలాస్ దుప్పటి లేకుండానే రోకలిని ఇంటికి తెచ్చాడు. సోనీ చూసి, "ఇదేంటండీ" అంది. సిలాస్ డేరా అంగడి నుంచి, లేని పడవతో సహా, అంతా చెప్పాడు. సోనీ మంచం మీద పడి నవ్వింది. నవ్వి నవ్వి, "ఇంతకీ వంగనిదే ఎందుకు తీసుకున్నారు?" అంది. అతను అది కూడా చెప్పాడు. అప్పుడు నవ్వు ఆపి, వచ్చి పక్కన కూర్చుంది. "ఈసారి చొక్కాలకి మీరే రండి, మీరే ఎంచుకుందురు గాని" అంది. జ్ఞానరాజుకి కూడా సిలాసే ఫోను చేసి చెప్పాడు. అవతల నవ్వు చాలాసేపు వినిపించింది. విచిత్రమేమిటంటే, తను భయపడినంత నొప్పి లేదు. తనకీ నవ్వొచ్చింది.

ఆ తరువాతి వారం అమానుల్లాని వెంటబెట్టుకుని డేరా వెళ్ళి, కొస వంగే గాలం ఒకటి ఎంచుకున్నాడు. "పడవ బాగుందా సార్?" అని అమ్మే మనిషి అడిగాడు. మునిగిపోయిందని సిలాస్ చెప్పాడు.

దానితో పట్టిన మొదటి షేరీని సోనీ పులుసు పెట్టింది. అమానుల్లాని పిలిచారు. జ్ఞానరాజు వచ్చాడు. సోనీ హడావిడిలో నడిమి ముక్క అతిథికి, ముళ్ళున్న తోక ముక్క సిలాస్‌కి వడ్డించింది. అమానుల్లా తన కంచం చూసుకున్నాడు. తరువాత సిలాస్ కంచం కేసి చూశాడు. మెల్లగా రెండు చేతులూ గుండెల మీదికి చేరాయి.

"తమ్ముడా, నీ ముక్కని చూస్తాంటే నాకు..."

సిలాస్ గబుక్కున రెండు చేతులతో కంచం మూసేసుకున్నాడు.